మిద్దె మీద పచ్చదనం

ఎమ్మిగనూరులో మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. వీధిలో కుక్క కూడా తిరగడం లేదు. నేత పని చేసే ఒక ఇంట్లో మగ్గం ఆగింది.

పడుగు పోగు తెగింది. మగ్గం గుంటలో కూర్చున్న కోడలు పోగు అతికింది. నాలుగుసార్లు నాడె ఆడించింది. మళ్లీ తెగింది. చెమట బట్ట మీద పడకుండా కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రేకుల కింద ఉడికిపోతాండాం అత్తా. దారం కూడా వరుగు మాదిరి ఎండిపోతాంది."

అత్త గడప దగ్గర కూర్చుని కండెలు చుడుతోంది. "మట్టి మిద్దె ఉన్నప్పుడు ఇట్ల లేదు మ్మా. రోహిణి కార్తెలో కూడా మగ్గం ఆడేది" అంది.

"ఆ మిద్దె వానకు పడిపోయింది కదా అత్తా."

అత్త ఏమీ మాట్లాడలేదు.

ఇద్దరి మాటా నిజమే. మట్టి మిద్దె చల్లగా ఉండేది. వాన పట్టిందంటే భయపెట్టేది. ఆ చలువ కావాలి. ఆ భయం వద్దు. దానికి ఒక దారి ఉంది. ఇంటి కప్పు మీద మట్టి పరచి మొక్కలు పెంచడం. దీన్ని పచ్చని పైకప్పు అంటారు. మిద్దెతోట కూడా దీనికి చుట్టమే. అయితే ఇది అందరి ఇళ్లకూ ఒకే రకంగా సరిపడదు. కొన్ని ఇళ్లకు అసలే సరిపడదు.

పాత మిద్దె ఎట్లా కట్టేవారు?

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పాత మిద్దెలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. గోడలు రాతివి, మట్టివి. చాలా మందం. గోడల మీద పెద్ద దూలాలు. దూలాల మీద దంతెలు. దంతెల మీద కట్టెలో, నాపబండలో పరిచేవారు. పైన ఆకో, బోదో వేసేవారు. దాని మీద మట్టి తొక్కి గట్టి చేసేవారు. అన్నిటికన్నా పైన చౌడు. వెలుతురు కోసం కప్పులో ఒక గవాచి. వాన వస్తే గవాచి మీద మూత పెట్టేవారు.

చౌడే ఎందుకు వేసేవారు? చౌడులో సోడియం అనే ఉప్పు గుణం ఎక్కువ. నీళ్లు తగిలితే ఆ మట్టి పిండిలాగా విడిపోతుంది. సన్నని పిండి సందులన్నీ మూసేస్తుంది. ఇక నీళ్లు కిందికి ఇంకవు. పక్కకు జారిపోతాయి. చౌడు నేలలో పైరు సరిగా రాదు. రైతుకు ఏడుపు తెచ్చే మట్టి ఇంటి కప్పుకు మాత్రం మేలు చేసింది. సిమెంటు లేని రోజుల్లో పెద్దవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఇది. చిన్న ఉపాయం కాదు.

ఏటా వానలకు ముందు కొత్త చౌడు తెచ్చి వేసేవారు. వానలు పడ్డాక మిద్దె మీద గడ్డి మొలిస్తే ఎక్కి పీకేవారు. ఎందుకు పీకేవారు? వేరు దిగిన చోట బెజ్జం పడుతుంది. వేరు ఎండిపోయాక ఆ బెజ్జంలో నుంచి నీళ్లు దిగుతాయి. నీళ్లు దూలానికి తగిలితే దూలం నానుతుంది. చెదలు పడుతుంది.

ఈ సంగతి బాగా గుర్తు పెట్టుకోవాలి. పాత మిద్దె మట్టి మిద్దె. పచ్చని మిద్దె కాదు. మట్టి వల్ల చలువ వస్తుందని పెద్దలకు తెలుసు. వేరు వల్ల ముప్పు వస్తుందని కూడా తెలుసు. ఈనాటి పచ్చని కప్పు వేసేవాళ్లు ఆ రెండో మాట మరిచిపోతే ఇల్లు కారుతుంది.

ఏటా చౌడు వేయాలంటే బండి కావాలి. మనిషి కావాలి. సుగ్గికని ఊరు విడిచి పోయి వచ్చే కుటుంబాలకు ఆ తీరిక ఎక్కడిది? ఒక ఏడు తప్పింది. రెండో ఏడు తప్పింది. మూడో ఏడు ముసురు పట్టింది. నానిన మట్టి బరువు పెరిగింది. పుచ్చిన దూలం విరిగింది. 2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కుండపోత వానలు కురిశాయి. తుంగభద్ర పొంగింది. మంత్రాలయం, కర్నూలు నగరం మునిగాయి. ఆ రోజుల్లో జిల్లాలో ఎన్నో మట్టి ఇళ్లు నేలకూలాయి. ఇప్పటికీ ముసురు పట్టినప్పుడల్లా మిద్దె కూలిందన్న వార్త ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. అందుకే జనం మట్టి మిద్దె విప్పి సిమెంటు కప్పు వేసుకున్నారు. డబ్బు చాలనివాళ్లు రేకులు వేసుకున్నారు. వాళ్లు చేసింది తప్పు కాదు. ప్రాణం ముందు. చలువ తరువాత.

ఎండ ఇంట్లోకి ఎట్లా వస్తుంది?

ఆదోని కొండల కింద కాపురం ఉండేవాళ్లకు ఇది చెప్పకుండానే తెలుసు. పగలంతా కొండ గుండ్లు ఎండ తాగుతాయి. పొద్దు గూకిన తరువాత ఆ వేడిని బయటికి కక్కుతాయి. రాత్రి తొమ్మిదింటికి గుండు మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంటుంది.

సిమెంటు కప్పు కూడా అటువంటి బండే. ఎండాకాలంలో ఇక్కడ గాలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో ఉన్న కప్పు అంతకన్నా ఎక్కువ కాలుతుంది. 60 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడి మెల్లగా కప్పులోకి దిగుతుంది. సాయంత్రానికి లోపలి వైపు చేరుతుంది. అందుకే రాత్రి ఫ్యాను వేస్తే వేడి గాలి వస్తుంది. ఫ్యానుది తప్పు కాదు. ఫ్యాను పైన ఉన్న కప్పుది.

రేకుల తీరు వేరు. రేకు పలుచన. ఎండ తగలగానే కాలుతుంది. పొద్దు పోగానే చల్లారుతుంది. సిమెంటు కప్పు రాత్రి నిద్ర చెడగొడుతుంది. రేకు పగటి పని చెడగొడుతుంది. ఇంటిలోనే మగ్గం ఉన్నవాళ్లకు పగటి పనే కూడు.

ఎమ్మిగనూరు నేతకు పేరున్న ఊరు. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఆయనకు 1954లో పద్మశ్రీ ఇచ్చారు. గుంట మగ్గం నేలలోకి ఎందుకు దిగి ఉంటుంది? కాళ్లు పెట్టుకోవడానికి చోటు ఒక కారణం. నేలలోని తేమ పడుగుకు తగలడం ఇంకో లాభం. నూలు పోగుకు తేమ ఉంటే బలం. తేమ పోతే పెళుసు. కాలే రేకు కింద గాలి ఎండిపోతుంది. పోగు పుటుక్కున తెగుతుంది. తెగిన ప్రతి పోగుకూ మగ్గం ఆపాలి. నేతకు కూలి నేసిన బట్టను బట్టి వస్తుంది. మగ్గం ఆగిన సేపుకు కూలి లేదు.

కుండ ఎందుకు చల్లగా ఉంటుంది?

కొత్త కుండలో నీళ్లు పోస్తే బయటి వైపు చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మ గాలికి ఆరిపోతుంది. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని కుండ నుంచే తీసుకుంటుంది. అందుకే కుండ నీళ్లు చల్లబడతాయి.

మొక్క కూడా ఇదే పని చేస్తుంది. వేరు మట్టిలోని నీరు తాగుతుంది. ఆకు ఆ నీటిని ఆవిరిగా వదులుతుంది. ఒక లీటరు నీరు ఆవిరయితే ఎంత వేడి పోతుంది? వెయ్యి వాట్ల హీటరు నలభై నిమిషాలు వెలిగితే ఎంత వేడి వస్తుందో, దాదాపు అంత వేడి పోతుంది. కరెంటు లేదు. చప్పుడు లేదు.

ఆకు ఇంకో మేలు చేస్తుంది. నీడ ఇస్తుంది. ఎండ ఆకు మీద పడుతుంది. కప్పు మీద పడదు. ఆకు కింద మట్టి ఉంది. మట్టిని దాటి వేడి దిగడానికి చాలా సేపు పడుతుంది. అంతలో పొద్దు గూకుతుంది. మొక్కలు దట్టంగా కమ్ముకున్న కప్పు మండుటెండలో కూడా గాలి వేడిని మించి కాలదు. 60 డిగ్రీలకూ 40 డిగ్రీలకూ తేడా ఎంతో చూడండి. కప్పు చల్లబడితే కింది గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఒక్కోచోట ఇంకా ఎక్కువే తగ్గుతుంది. ఈ లాభం కప్పు కిందనే ఉన్న గదికి. రెండంతస్తుల ఇంట్లో కింది అంతస్తుకు పెద్దగా తెలియదు.

కప్పుకు కూడా ఆయుష్షు పెరుగుతుంది. పగలు కాలి, రాత్రి చల్లారి, రోజూ సాగి కుదించుకుపోయే కప్పుకు బీటలు వస్తాయి. మట్టి కప్పుకున్న కప్పుకు ఆ బాధ తక్కువ.

వాన సంగతి కూడా చూడాలి. పది అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు ఉన్న కప్పు మీద ఒక అంగుళం వాన పడితే 236 లీటర్ల నీరు. అంటే పదిహేను బిందెల పైనే. వట్టి సిమెంటు కప్పు మీద ఆ నీరంతా ఒక్కసారిగా వీధిలోకి దూకుతుంది. వీధిలో వంద ఇళ్లుంటే మురుగు కాలువ పొంగి గడపలోకి వస్తుంది. ఎండి ఉన్న నాలుగు అంగుళాల మట్టి దాదాపు అంగుళం వానను తాగగలదు. మిగిలింది మెల్లగా వదులుతుంది. కానీ వరసగా మూడు రోజులు ముసురు పడితే మట్టి కడుపు నిండిపోతుంది. అప్పుడు అది కూడా నీరు వదిలేస్తుంది. వరదకు ఇది మందు కాదు. ఒకటి రెండు గట్టి జల్లులకు మాత్రం మందే.

ఇక పూలకు తేనెటీగలు వస్తాయి. సీతాకోకచిలుకలు వస్తాయి. దుమ్ము కొంత ఆకుల మీద ఆగుతుంది. చాలా ఇళ్ల మీద పచ్చదనం ఉంటే ఊరి వేడి కూడా కొంత తగ్గుతుంది. ఒక్క ఇంటితో ఊరు చల్లబడదు. ఆ ఇల్లు చల్లబడుతుంది.

ఎక్కడైనా చేశారా?

చేశారు. పని మన దేశానికే కొత్త కాదు. చలి దేశాలకూ కొత్త కాదు. నార్వే దేశంలో చాలా కాలం నుంచి ఇళ్ల కప్పు మీద గడ్డి పెళ్లలు పరిచేవారు. మన పెద్దలకు చౌడు దొరికినట్టు వాళ్లకు బర్చ్ అనే చెట్టు పట్ట దొరికింది. ఆ పట్టలో నీరు దిగదు. ముందు పట్ట పొరలు పొరలుగా పరిచేవారు. దాని మీద గడ్డి పెళ్లలు వేసేవారు. వాళ్ల బాధ చలి. మన బాధ ఎండ. కప్పు మీద మట్టి రెండింటినీ ఆపుతుంది.

జర్మనీ దేశంలో ఈ పని మీద బాగా పరిశోధన చేశారు. కెనడా దేశంలోని టొరంటో నగరం 2009లో ఒక చట్టం చేసింది. కొత్తగా కట్టే పెద్ద భవనాల కప్పు మీద కొంత భాగం పచ్చగా ఉండాలని ఆ చట్టం చెప్పింది.

తెలుగు నేల మీద కూడా ఉంది. హైదరాబాదులో గోద్రెజ్ పేరుతో ఒక హరిత భవనం ఉంది. పరిశ్రమల సంఘం వారు కట్టారు. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. ఆ భవనం కప్పులో ఎక్కువ భాగం మీద మొక్కలే. అది పెద్ద సంస్థ. పెద్ద ఖర్చు. మామూలు ఇంటి మీద కూరలు, పండ్లు పండించి చూపినవాళ్లు కూడా ఉన్నారు. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు పక్కన నారపల్లిలో తన ఇంటి మీద తోట వేశారు. మిద్దెతోట అన్న మాట నలుగురి నోట పడటానికి ఆయన రాతలు ఒక కారణం.

ముందు బరువు లెక్క

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పక్కింటివాళ్లు వేశారని మట్టి బుట్టలు మోసి మిద్దె మీద కుమ్మరిస్తారు. కప్పు ఎంత మోయగలదో చూడరు.

ఎమ్మిగనూరు కోడలు చదవడం, లెక్కలు నేర్చుకుంది. ముందు గది మీద సిమెంటు కప్పు ఉంది. దాని మీద మట్టి పరచాలని ఆమెకు ఆశ. పలక తెచ్చుకుంది. టేపుతో కొలిచింది. పొడుగు 12 అడుగులు. వెడల్పు 10 అడుగులు. 12ను 10తో గుణిస్తే 120 చదరపు అడుగులు.

ఒక చదరపు అడుగు మీద నాలుగు అంగుళాల మందం మట్టి వేసి తడిపితే 16 కిలోల పైనే తూగుతుంది. 120ని 16తో గుణిస్తే 1920 కిలోలు. అంటే 19 క్వింటాళ్లు. సిమెంటు బస్తా 50 కిలోలు. 38 బస్తాల సిమెంటు కప్పు మీద పేర్చినట్టు.

కోడలు పలక అత్తకు చూపింది. అత్తకు అంకెలు రావు. "ముప్పై ఎనిమిది బస్తాలు" అన్నది మాత్రం అర్థమైంది.

"వద్దు మ్మా. ఒకసారి చూసినాం, చాలు" అంది.

మనుషులు ఎక్కి తిరిగే మామూలు ఇంటి కప్పును ఎంత బరువుకు కడతారు? సొంత బరువు కాక చదరపు అడుగుకు దాదాపు 14 కిలోలకు లెక్క వేసి కడతారు. అదీ లెక్క ప్రకారం కట్టినప్పటి మాట. కమ్మి తగ్గించి, సిమెంటు తగ్గించి కట్టిన కప్పు సంగతి కట్టినవాడికే తెలియాలి. మనుషులు ఎక్కని కప్పుకు అందులో సగమే లెక్క. అంటే నాలుగు అంగుళాల తడి మట్టితోనే లెక్క దాటిపోతుంది. అడుగున కంకర వేస్తే దాని బరువు వేరే. మనుషులు ఎక్కి నడిస్తే ఆ బరువు వేరే.

కాబట్టి పాత కప్పు మీద మట్టి పరచాలంటే ముందు లెక్క తెలిసిన ఇంజనీరుకు చూపించాలి. మేస్త్రి "ఏం కాదులే" అన్న మాట చాలదు. కప్పులో కమ్మి తుప్పు పట్టి బయటికి కనపడుతుంటే, పెచ్చులు ఊడుతుంటే, దాని జోలికే పోకూడదు. బండ మిద్దె, మట్టి మిద్దె మీద ఇంకా మట్టి ఎక్కించకూడదు. కొత్త ఇల్లు కట్టేవాళ్లు మాత్రం మొదటే చెప్పాలి. "పైన తోట వేస్తాం" అని ముందే చెబితే కమ్మి, మందం, దూలం ఆ లెక్కకు వేస్తారు. ఖర్చు కొంత పెరుగుతుంది. తరువాత చేసే ఖర్చు కన్నా అది తక్కువ.

కప్పు మీద అంతా పరచకుండా ఇంకో పద్ధతి ఉంది. గోడల మీదికి, దూలాల మీదికి వచ్చే చోట తొట్లు పెట్టడం. కప్పు నడిమధ్య కన్నా గోడ మీద బలం ఎక్కువ. తొట్టి కింద నాలుగు ఇటుకలు పెడితే నీరు నిలవదు. గాలి ఆడుతుంది. మట్టిలో సగం కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు కలిపితే బరువు తగ్గుతుంది. తొట్లు తీగలు పాకే పందిరికి ఆధారమవుతాయి. పందిరి నీడ కప్పు నడుమ కూడా పడుతుంది.

కారకుండా ఉండాలంటే

మట్టి వేశాక కప్పు కారితే ఎక్కడ కారుతోందో కనపడదు. అందుకే ముందే పరీక్ష చేయాలి. నీళ్లు పోయే గొట్టానికి గుడ్డ కుక్కాలి. కప్పు మీద రెండు అంగుళాల నీరు నిలపాలి. రెండు రోజులు ఆగాలి. లోపలి వైపు ఎక్కడైనా చెమ్మ వస్తోందా చూడాలి. వస్తే ముందు దాన్ని బాగు చేయాలి.

కప్పుకు వాలు ఉండాలి. పది అడుగులకు ఒకటి రెండు అంగుళాల వాలు చాలు. దాని మీద నీరు దిగని పూత వేయాలి. పూత మీద మందపాటి ప్లాస్టిక్ పట్ట. ఇది వేళ్లను ఆపడానికి. పెద్దలు గడ్డి పీకి చేసిన పనిని ఇప్పుడు ఈ పట్ట చేస్తుంది. పట్ట మీద సన్న కంకర పలుచగా. మిగిలిన నీరు దీనిలో నుంచి గొట్టానికి పోతుంది. కంకర మీద గుడ్డ లాంటి వల. మట్టి కిందికి దిగి గొట్టం పూడకుండా ఇది ఆపుతుంది. అన్నిటి పైన మట్టి. గొట్టం నోటి దగ్గర మాత్రం మట్టి వేయకూడదు. అడుగు వెడల్పు ఖాళీ ఉంచి, వారానికి ఒకసారి ఆకులు తీసెయ్యాలి. నీరు నిలిస్తే కప్పుకూ చేటు, దోమలకూ పండగ.

నీళ్లు ఎక్కడివి?

ఇది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఆదోని, ఎమ్మిగనూరు తక్కువ వాన పడే చోట్లు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ల మీద ఆశ పెట్టుకుని బతికే ఊళ్లు. కుళాయి ఎప్పుడు వస్తుందా అని బిందె పెట్టి కాచుకునే వీధిలో పచ్చిక పెంచి తాగే నీళ్లు పోస్తే అది సోకు.

లెక్క చూద్దాం. వంద చదరపు అడుగుల ఆకుకూర మడికి మే నెలలో రోజుకు 40, 50 లీటర్లు కావాలి. మూడు బిందెలు. ఈ నీరు స్నానం నుంచి, కూరలు, బియ్యం కడిగిన నీళ్ల నుంచి రావాలి. బియ్యం కడిగిన నీళ్లు ఏ మొక్కకైనా మంచివే. స్నానం నీళ్లు తీగలకు, పూల మొక్కలకు పోయవచ్చు. పచ్చివిగా తినే ఆకులకు వద్దు. బట్టల పౌడరు కలిసిన నీళ్లు పోయకూడదు. అందులో సోడియం ఉంటుంది. రోజూ పోస్తే మంచి మట్టి కూడా చౌడు బారిపోతుంది. పాత మిద్దెకు కావలసింది చౌడు. తోటకు దాని అవసరం లేదు.

కాబట్టి మొక్కలను ఎంచుకోవాలి. కలబంద, పాయల ఆకు తక్కువ నీళ్లతో బతుకుతాయి. పాయల ఆకు పప్పులోకి కూడా పనికొస్తుంది. గోంగూర, బచ్చలి, పుదీన చిన్న మడిలో చాలు. మండుటెండల్లో మడికి పైన కొంత నీడ కట్టాలి. మట్టి మీద వేరుశనగ పొట్టు, ఎండుటాకులు పరిస్తే తేమ ఆరిపోదు.

పెంచకూడని మొక్కలు కూడా ఉన్నాయి. వేప, రావి, మర్రి. వీటిని ఎవరూ నాటరు. పక్షులు నాటుతాయి. రెట్టలో విత్తనం పడి గోడ సందులో మొలుస్తుంది. వేలెడు మొక్క అని ఊరుకుంటే గోడను చీలుస్తుంది. రావి మొక్కను పీకడానికి కొందరికి చెయ్యి రాదు. పీకి చెరువు గట్టున నాటితే దోషం లేదు. గోడా మిగులుతుంది, చెట్టూ మిగులుతుంది.

నీళ్లు అసలే లేనివాళ్లు ఏం చేయాలి? కప్పు మీద తెల్ల సున్నం పూయాలి. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. అందులో ముఖ్యమైన ఉపాయం ఈ తెల్లని పూతే. సున్నానికి తిండి లేదు, నీళ్లు లేవు. వానకు పోతే మళ్లీ పూయాలి, అంతే. ఖర్చు తక్కువ కాబట్టి చాలా ఇళ్లు మొదట ఇక్కడే మొదలుపెట్టడం మేలు.

రేకుల ఇంటికి ఏం దారి?

రేకు మీద మట్టి వేయకూడదు. రేకు మోయదు. మనిషి ఎక్కినా విరుగుతుంది. మరి మగ్గం ఉన్నది రేకుల కిందనే కదా.

ఈ మాట కోడలు అడిగితే అత్త నవ్వింది. "గుడిసెల మీద సొరతీగ పాకించేవాళ్లు మ్మా. మా అమ్మగారింట్లో గుడిసె కనపడేది కాదు. ఆకే కనపడేది."

అదే దారి. మొక్క బరువు కప్పు మీద లేదు. వేరు నేలలో ఉంది. నీడ మాత్రం కప్పు మీద ఉంది. సొర, బీర, గుమ్మడి, కాకర, ఏదైనా సరే. రేకుల గది పక్కన మూరెడు లోతు గుంత తీయాలి. మాగిన ఎరువు వేయాలి. నాలుగు విత్తనాలు పెట్టాలి. స్నానం నీళ్లు ఆ గుంతకు మళ్లించాలి. కాలే రేకుకు తీగ తగిలితే లేత కొనలు మాడిపోతాయి. అందుకని రేకుకు అడుగు ఎత్తున వెదురు బొంగులతో, తాళ్లతో పందిరి కట్టాలి. బొంగులను రేకు మీద కాక గోడ పక్కన నేలలో పాతాలి. రేకుకూ తీగకూ నడుమ గాలి ఆడాలి. ఆ గాలి వేడిని తీసుకుపోతుంది.

తీగ కమ్ముకోవడానికి రెండు నెలలు పడుతుంది. మే ఎండకు నీడ కావాలంటే ఫిబ్రవరిలోనే విత్తనం పెట్టాలి. మే నెలలో గుర్తొస్తే ఆ ఏడాదికి జొన్న చొప్పో, కొబ్బరి మట్టలో పందిరి మీద పరుచుకోవాలి. పొయ్యికి, కరెంటు తీగకు దూరంగా ఉండాలి. ఎండిన చొప్పకు నిప్పు తొందరగా అంటుకుంటుంది.

ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ఆ సాయంత్రమే పందిరి చోటు కొలిచారు. ముందు గది కప్పుకు సున్నం. గోడల మీదుగా ఆరు తొట్లు. మగ్గం గదికి సొరతీగ. కోడలు పలక మీద వరసగా రాసుకుంది. విత్తనాలకు అత్త పాత మూట విప్పింది. నిరుడు ఎండబెట్టిన సొరకాయ బుర్రను చెవి దగ్గర ఊపి చూసింది. లోపల గింజలు గలగలమన్నాయి.

"కాయలు బరువెక్కితే పందిరి వంగుతుంది. పిందెలు ఉన్నప్పుడే పందిరి కిందికి, గోడ వైపుకు దించాల. మరిచిపోకుండా అది కూడా రాసుకో" అంది.